కష్టకాలంలో సర్కారు ఖర్చు: ఆ రూపాయి ఎవరి చేతికి వెళ్ళింది?

(యువజన శిబిరంలో మాట్లాడిన మాటలు. అక్కడికి రాలేకపోయినవాళ్ళు అడిగారని కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాను.)



దేశంలో వ్యాపారం పడిపోయి, పనులు పోయినప్పుడు ప్రభుత్వం అప్పు చేసైనా ఖర్చు పెట్టాలా, వద్దా? ఇది కాలేజీ పుస్తకంలో ప్రశ్న అనుకోకండి. 2020లో మనం దీన్ని కడుపుతో అనుభవించాం.

టీవీలో పెద్దమనుషులు చెప్తుంటారు: "ఇంట్లో డబ్బు లేకపోతే ఖర్చు తగ్గించుకుంటాం కదా, సర్కారైనా అంతే." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ మన సంతను ఒకసారి తలచుకోండి. మీ దగ్గర డబ్బు లేక ఎండు చేపలు కొనడం మానేశారు. చేపలమ్మే ఆవిడకి బేరం లేదు, కాబట్టి ఆవిడ మీ అల్లం కొనదు. అల్లం అమ్ముడుపోక మీరు వచ్చే వారం ఉప్పూ నూనే కూడా తగ్గిస్తారు. ప్రతి ఇల్లూ తెలివిగా పొదుపు చేస్తుంది, సంత మొత్తం చచ్చిపోతుంది. అందరూ ఒకేసారి చెయ్యి బిగబట్టినప్పుడు ఎవరో ఒకరు ఖర్చు పెట్టాలి. అంత స్తోమత ఉన్నది ప్రభుత్వానికే. బ్రిటన్‌లో కీన్స్ అనే ఆర్థికవేత్త 1936లో పుస్తకం రాసి చెప్పింది, విడదీసి చూస్తే, ఇదే.

కాబట్టి ఖర్చు పెట్టాలా అన్నదానికి నా జవాబు: పెట్టాలి. అందులో నాకు అనుమానం లేదు. అసలు పేచీ ఆ రూపాయి ముందుగా ఎవరి చేతిలో పడుతుందన్న దగ్గర వస్తుంది.

2019 సెప్టెంబరు చూడండి. అప్పటికే దేశంలో అమ్మకాలు మందగించాయి. కేంద్రం కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి తగ్గించింది. దానివల్ల ఖజానాకు ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయలు తగ్గుతాయని ప్రభుత్వమే చెప్పింది. కంపెనీలు ఆ డబ్బుతో కొత్త ఫ్యాక్టరీలు పెడతాయని ఆశ. కొనేవాడే లేనప్పుడు ఫ్యాక్టరీ ఎవరు పెడతారు? ఆరు నెలలకే కరోనా వచ్చింది కాబట్టి పూర్తి తీర్పు చెప్పడం కష్టం, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ లాక్‌డౌన్‌కు ముందు నెలల్లోనూ పెట్టుబడి ఊపందుకోలేదు.

తర్వాత 2020 మే. 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు. అంత పెద్ద సంఖ్య విని మా ఊళ్ళో ముసలివాళ్ళు కూడా "మనిషికి ఎంతొస్తుందిరా" అని అడిగారు. లెక్క విప్పి చూస్తే అందులో 8 లక్షల కోట్లు రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అందుబాటులో పెట్టిన డబ్బు. ఇంకో 3 లక్షల కోట్లు చిన్న పరిశ్రమల అప్పులకు హామీ. అంటే ఎక్కువ భాగం అప్పు, ఖర్చు కాదు. పని పోయినవాడికి అప్పు ఇస్తామంటే ఏం చేసుకుంటాడు? జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్ళకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేశారు. బస్సులు లేని రోజుల్లో ఆ 500 కోసం కొండ దిగి బ్యాంకు దగ్గర రోజంతా వరసలో నిలబడిన అక్కలు ఇక్కడే ఉన్నారు, వాళ్ళనే అడగండి.

ఆ మొత్తంలో నిజంగా పనిచేసింది ఒకటుంది, ఉపాధి హామీ. బడ్జెట్‌లో 61,500 కోట్లు పెట్టి, మేలో ఇంకో 40,000 కోట్లు కలిపారు. ఏడాది చివరికి ఖర్చు సుమారు 1.11 లక్షల కోట్లకు చేరింది. అంతకుముందు ఏడాది 265 కోట్ల పనిదినాలు ఉంటే ఆ ఏడాది సుమారు 389 కోట్లు. సూరత్ నుంచి, చెన్నై నుంచి, హైదరాబాద్ నుంచి నడిచొచ్చినవాళ్ళు గడ్డపార పట్టుకుని పనికి దిగారు. కంపెనీలకు ఒక ఏడాదిలో వదిలేసిన పన్నుతో ఈ మొత్తాన్ని పోల్చి చూడండి. కోట్లాది కుటుంబాలకు గంజి పోసిన పథకానికి అయిన ఖర్చు దానికంటే తక్కువే.

ఇది ఎందుకు పనిచేసింది? అప్పుడు ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ కూలి రోజుకు 237 రూపాయలు. 20 రోజులు చేస్తే 4,740. పేద ఇంట్లో ఆ డబ్బు ఆగదు. బియ్యం, నూనె, సబ్బు, పిల్లాడి నోటుపుస్తకం, ఫోన్ రీఛార్జి, పాత బాకీ. వారం తిరిగేసరికి వేరేవాళ్ళ చేతిలో ఉంటుంది. ఉన్నవాడికిస్తే అది బ్యాంకులో నిద్రపోతుంది.

ఇంకో లాభం కూడా ఉంది, దాన్ని చాలామంది గమనించరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 157 మండలాల్లో ముగ్గురు ఆర్థికవేత్తలు, మురళీధరన్, నీహాస్, సుఖ్తంకర్, ఒక పరిశోధన చేశారు. స్మార్ట్ కార్డులతో ఉపాధి కూలి సరిగ్గా, త్వరగా అందిన చోట పేద కుటుంబాల ఆదాయం పెరిగింది. ఆ పెరిగిన ఆదాయంలో ఎక్కువ భాగం ఉపాధి పని నుంచి రాలేదు, బయటి పనుల నుంచి వచ్చింది. కారణం, ఇంకో దారి ఉన్నప్పుడు కూలివాడు బేరమాడగలడు. షావుకారు చెప్పిన రేటుకు తల ఊపక్కర్లేదు.

ఇక్కడ మన మన్యం సంగతి వేరుగా చెప్పాలి. పుస్తకంలో లెక్క ఇలా ఉంటుంది: వంద రూపాయలు వచ్చాయి, 80 ఖర్చు పెట్టాం, అందుకున్నవాడు 64 పెట్టాడు, అలా తిరిగి తిరిగి మొత్తం 500 రూపాయల వ్యాపారం అవుతుంది. కానీ మన సంతలో సబ్బు, నూనె, బట్టలు, ఎండు చేపలు కూడా కింద నుంచే వస్తాయి. వందలో ముప్పై మాత్రమే మన మధ్య తిరిగితే ఆ మొత్తం 143 దగ్గర ఆగిపోతుంది. మిగతాది వ్యాను ఎక్కి ఘాట్ రోడ్డు దిగిపోతుంది. దేశానికి లాభమే, మన ఊరికి కొంచెమే. కూలితోపాటు మన చింతపండుకి, తేనెకి, పసుపుకి ధర దక్కాలని మనం గొడవ పడేది అందుకే. 2020 మే 1న కేంద్రం 49 అటవీ ఉత్పత్తుల మద్దతు ధర 16 నుంచి 66 శాతం దాకా పెంచింది. మంచిదే. కానీ ఇప్పపువ్వు రాలేది మార్చి, ఏప్రిల్‌లో. అప్పుడు సంతలు మూసి ఉన్నాయి. పూత రాలిపోయాక ధర పెంచితే ఎవరికి?

అదే ప్యాకేజీలో, అదే నెలలో, ప్రైవేటు కంపెనీలకు బొగ్గు గనులు తెరుస్తామన్నారు. బొగ్గు తరలించే సౌకర్యాలకు 50,000 కోట్లన్నారు. జూన్ 18న 41 బ్లాకుల వేలం మొదలుపెట్టారు. జార్ఖండ్ ప్రభుత్వమే దానిమీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది. ఇదీ "ఆర్థిక ఉద్దీపన" లెక్కలోకే వస్తుంది. అడవి పోగొట్టుకున్న కుటుంబానికి పోయిన ఆదాయం ఏ లెక్కలో రాస్తారు? ఎవరైనా "ఉద్దీపన మంచిదా చెడ్డదా" అని ఒకే మాటలో అడిగితే జవాబు చెప్పకండి. ఏ ఉద్దీపనో అడగండి.

ధరలు పెరుగుతాయి, అప్పు పెరుగుతుంది అనే వాదన కొట్టిపారేయదగ్గది కాదు. అందరికీ పని ఉన్నప్పుడు సర్కారు అదనంగా కుమ్మరిస్తే ధరలు పెరుగుతాయి, ముందు నలిగేది మనమే. ఆ అప్పు వడ్డీలో మన వాటా ఉంది, సబ్బు కొన్నా రీఛార్జి చేసినా మనమూ పన్ను కడుతున్నాం. కానీ 2020లో చేతులు ఖాళీగా ఉన్నాయి, గోదాముల్లో ధాన్యం మూలుగుతోంది. అప్పుడు ఖర్చు పెట్టకపోవడమే దుబారా.

ఉపాధి హామీకి ఒక బలం ఉండేది. కష్టం రాగానే ఎవరూ ప్యాకేజీ ప్రకటించాల్సిన అవసరం ఉండేది కాదు. జనం పని అడిగేవారు, ఖర్చు దానంతటదే పెరిగేది. కూలి డబ్బు మొత్తం కేంద్రమే ఇచ్చేది. ఫోటో హాజరు, ఆధార్ చెల్లింపులు వచ్చాక సిగ్నల్ లేని మన కొండల్లో ఆ హక్కు ఎంత నలిగిందో మీకు చెప్పక్కర్లేదు.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. 100 రోజులు 125 అయ్యాయని పోస్టర్లలో చూశారు. కింద చిన్న అక్షరాలు కూడా చదవండి. ఏ రాష్ట్రానికి ఎంత అన్నది కేంద్రం ముందే నిర్ణయిస్తుంది, దాటితే రాష్ట్రం భరించాలి. మన రాష్ట్రాల్లో ఖర్చులో 40 శాతం రాష్ట్రం పెట్టాలి. ఇప్పుడు రేపు ఇంకో 2020 వచ్చిందనుకోండి. వ్యాపారం పడిపోతే రాష్ట్రానికి జీఎస్టీ పడిపోతుంది. కేంద్రంలా ఇష్టమొచ్చినంత అప్పు చేసే వీలు రాష్ట్రానికి లేదు, పరిమితి ఉంది. పని అడిగేవాళ్ళు రెట్టింపయ్యే నెలలోనే రాష్ట్రం జేబు ఖాళీగా ఉంటుంది. గ్రామసభలో, ఎమ్మెల్యే ఊరికొచ్చినప్పుడు, ఈ ఒక్క ప్రశ్న అడగండి: "ఆ నెల మా 40 శాతం ఎక్కడి నుంచి తెస్తారు?" జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.