మైనపు గొట్టంలో అమ్మ గొంతు



స్మారక సభల్లో పోయినవారిని తలుచుకుంటాం. ఈ సాయంత్రం నేను తలుచుకునే ఫ్యానీ కాక్రన్ స్మిత్, తన జాతి మొత్తాన్ని లోకం పోయినవారి పద్దులో రాసేశాక గొంతు విప్పి పాడిన మనిషి.

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మానియాలో ఒకప్పుడు ఒకటి కాదు, ఎన్నో ఆదివాసీ భాషలుండేవి. 1803లో బ్రిటిష్‌వారు అక్కడ కాపురం పెట్టారు. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, తుపాకులకూ రోగాలకూ బలికాగా మిగిలినవారిని ఫ్లిండర్స్ దీవిలోని వైబలెన్నా శిబిరానికి తరలించారు. వేర్వేరు భాషల తెగలు అక్కడ ఒకేచోట బతకాల్సి వచ్చింది. 1834 డిసెంబరులో ఫ్యానీ పుట్టింది ఆ శిబిరంలోనే. పెద్దల పాటలు, మాటలు ఆమె చెవిన పడింది ఆ ప్రవాసంలోనే. 1847లో శిబిరం ఎత్తేసి ఆయిస్టర్ కోవ్ అనే చోటికి పంపేనాటికి మిగిలింది 47 మంది.

1876లో, ఆ జాతిలో ఆఖరి మనిషని పేరుపడ్డ ట్రుగనిని కన్నుమూసింది. దాంతో ఆ జాతి అంతరించిందని ప్రభుత్వమూ పండితులూ తేల్చేశారు. ఫ్యానీ ఒప్పుకోలేదు. ఆఖరి టాస్మానియన్ తానేనన్నారు. తర్వాత టాస్మానియా పార్లమెంటు ఆమెకు 300 ఎకరాలు ఇచ్చింది. 1898లో ఇంగ్లండు పండితుడు లింగ్ రోత్, ఆమె ఫొటోలూ వెంట్రుకలూ చూసి, ఆమెది కలగలుపు పుట్టుకని వ్యాసం రాశాడు.

మరుసటి ఏడాదే, 1899లో, టాస్మానియా రాయల్ సొసైటీ కోసం ఆమె ఫోనోగ్రాఫ్ ముందు పాడారు. 1903లో హోబార్ట్ దగ్గరి శాండీ బేలో హొరేస్ వాట్సన్ అనే ఆయన ఇంట మళ్లీ పాడారు. బాకాలోకి పాడితే సూది మైనపు గొట్టం మీద గాడి గీస్తుంది. ఒక్కో గొట్టం పట్టేది రెండు నిమిషాల పాట. వెంట్రుకలు చూసినవాడికి దొరకని సంగతి ఆ రెండు నిమిషాల్లో ఉంది. తన గొంతే తిరిగి వినిపించినప్పుడు, అది తల్లి గొంతనుకుని ఆమె కంటతడి పెట్టారని చెబుతారు.

1905 ఫిబ్రవరి 24న ఆమె పోయారు. టాస్మానియా భాషలు వినిపించే పాత రికార్డులు ఇవే. తిప్పినకొద్దీ మైనం అరుగుతుంది. భాష మాత్రం పలకకపోతేనే అరుగుతుంది.

ఆమె వాడిన ‘ఆఖరి’ అనే మాట హక్కు కోసం చేసిన వాదన. ఆ మాట తప్పని రుజువు చేసింది ఆమె ఇల్లే: ఆమెకు పదకొండుమంది పిల్లలు. 1990లలో టాస్మానియా ఆదివాసులు పాత పదపట్టికలు, ఆమె రికార్డులు ముందేసుకుని ‘పలవా కాని’ అనే భాషను కూడగట్టుకోవడం మొదలుపెట్టారు. రాతలో చూసిన మాట ఎలా పలకాలన్న ప్రశ్నకు ఆమె గొంతు ఆధారమైంది.

హోబార్ట్ వెనక నిలబడ్డ కొండకు 2013 నుంచి అధికారికంగా రెండు పేర్లు: కునాన్యి, మౌంట్ వెల్లింగ్టన్. అందులో పలవా కాని పేరైన కునాన్యినే ముందు రాస్తారు.