తెరిచిన గ్రంథాలయం – మన బాధ్యత
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను గ్రంథాలయాల గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేను లైబ్రేరియన్‌ని కాను. ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అందుచేత బడిలో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

మొన్నామధ్య పదో తరగతి అమ్మాయి ఒకతె నన్నడిగింది: "సర్, కెమిస్ట్రీ, డాక్టరీ లాంటి పెద్ద చదువులు మన ఉర్దూలో ఎన్నడూ లేవు కదా?" ఆ మాటకు నా మనసు కలుక్కుమంది. ఆ చదువు మన హైదరాబాదులోనే నడిచింది! 1917లో దారుత్ తర్జుమా, అంటే అనువాద కార్యాలయం పెట్టారు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించారు. భౌతిక, రసాయన శాస్త్రాలు, వైద్యం, ఇంజనీరింగు, న్యాయశాస్త్రం – వీటి పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. లేని మాటలకు పండితులు కమిటీలుగా కూర్చుని కొత్త మాటలు కట్టారు. 1948 తరువాత బోధన ఇంగ్లీషులోకి మారింది. పుస్తకాలు బీరువాల్లో ఉండిపోయాయి.

అలాంటి రసాయన శాస్త్ర పుస్తకం ఒకటి, మా దాదాగారు చదువుకున్నది, మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉండేది. సున్నాలు వేయించేటప్పుడు చెదలు పట్టిందని ఆ పెట్టెలో పుస్తకాలన్నీ నేనే తూకానికి అమ్మేశాను. ఉపాధ్యాయుణ్ణయి ఉండి చేసిన పని అది.

ఆ అమ్మాయికి చూపిద్దామని దానికోసం ఇంటర్నెట్‌లో వెతికాను. ఉర్దూ అక్షరాల్లో కొడితే ఏమీ రాలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో నాలుగైదు రకాల స్పెల్లింగులు కొట్టగా కొట్టగా, ఆ కాలపు పుస్తకాలు వేరేవి కొన్ని దొరికాయి. మా దాదాగారి పుస్తకం మాత్రం దొరకలేదు.

ఆ దొరికినవి అక్కడికి ఎలా వచ్చాయి? చిత్తూరు జిల్లాలో పుట్టి, అమెరికాలో కంప్యూటర్ శాస్త్రజ్ఞుడైన ప్రొఫెసర్ రాజ్ రెడ్డిగారు పది లక్షల పుస్తకాలను స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకోవాలనే పథకానికి ముందు నిలిచారు. మన దేశంలో బెంగుళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థలు గ్రంథాలయాలతో కలిసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నడిపాయి. ఆ సైటు తరువాత ఆగిపోయింది. అయితే లక్షల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా చేర్చారు గనుక బతికాయి. ఒక్కచోట దాచింది పోతుంది, పదిచోట్ల పంచింది నిలుస్తుంది.

మరి లోపం ఎక్కడుంది? కాటలాగులో ఉంది. ఎన్నో ఉర్దూ పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో తప్పుల తడకగా ఎక్కించారు. మన నస్తాలీఖ్ రాతను యంత్రం చదవడం కష్టం, కాబట్టి లోపలి మాటలతో వెతకడమూ సులువు కాదు. పేరు తప్పయితే పుస్తకం ఉండీ లేనట్టే. మా దాదాగారి పుస్తకం కూడా ఏదో తప్పు పేరుతో అక్కడే ఉందేమో!

కాలేజీ పిల్లలకు ఇంకొక మాట. ఒకప్పుడు పీహెచ్‌డీ థీసిస్ చూడాలంటే ఆ ఊరికే వెళ్లి, అనుమతి తీసుకోవాలి. ఇప్పుడు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో 5 లక్షలకు పైగా థీసిస్‌లు ఉన్నాయి. ఫీజు లేదు, సిఫారసు అక్కర్లేదు. 2025 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద సుమారు 13,000 పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థల వారికి అందుతున్నాయి. ఇది అందరికీ తెరిచిన తలుపు కాదు. కాని అందులో ఉన్న మన పిల్లలైనా వెళ్లి లైబ్రేరియన్‌ను అడుగుతున్నారా?

సంఘం పెద్దలకు మూడు మనవులు. ఒకటి, పండగకు ఇల్లు సర్దేటప్పుడు పాత పుస్తకాన్ని తూకానికి వేయకండి. ముందు మాకు చూపించండి. రెండు, ప్రతి పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం ఉర్దూలోనూ తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసి, జాబితా గ్రంథాలయాలకు ఇద్దాం. రచయిత గతించి 60 ఏళ్లు దాటినవాటిని స్కాన్ చేసి అందరి ముందు పెట్టడానికి చట్టం అడ్డు రాదు. మూడు, ఆదివారాలు సంఘం గదిలో ఒక కంప్యూటర్ పెట్టి, వెతకడం ఎలాగో పిల్లలకు నేర్పుదాం. ఆ పాఠం చెప్పే బాధ్యత నాది.

బావి తవ్వించినవారికి వారు పోయాక కూడా సవాబు అందుతుందని మనం నమ్ముతాం. సదఖా జారియా అంటే అదే. పదిమందికి పనికొచ్చే విద్య కూడా అలాంటిదే.

ఆ అమ్మాయి ఇప్పుడు మా బడి బీరువాలోని పాత పుస్తకాల పేర్లు నోటుబుక్కులో రాస్తోంది. నిన్నటికి ఇరవై మూడు అయ్యాయి. ఇరవై నాలుగోది మీ ఇంటినుంచి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను. ఖుదా హాఫిజ్.