మందు మ్రింగనీయని లోకము

(ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పఠనమందిరములలో చేసిన ప్రసంగపాఠము)



హెచ్.ఐ.వి. మన దేశమున మొదట 1986లో మదరాసునందు కనుగొనబడినది. నాడు దానికి మందు లేదు. 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము మందు నుచితముగా నిచ్చుచున్నది. నేడు పెక్కుమందికి దినమున కొక్క మాత్ర చాలును. విడువక సేవించినవారి నెత్తుటిలో క్రిమి పరీక్షకు దొరకనంత తక్కువ యగును. ఆ స్థితి నిలిచినంతకాలము స్త్రీపురుష సంగమమువలన నది యొరులకు సంక్రమింపదు. మాటిమాటికి మానినచో క్రిమి మందునకు లొంగని మొండి దగును. ఇంత సులభమైన మాత్రను ఏల మానుదురు?

మరపు కారణమని పలువు రందురు. మరపుకంటె వెరపు పెద్దదని మా యభిప్రాయము. భూతగాదాలకును, మనోవర్తికిని మాకడకు వచ్చువారు తలుపు మూసిన పిదప చెప్పు మాటలు వినుచున్నాము. ప్రొద్దుటూరు దసరాకు చుట్టములతో ఇల్లు నిండిన దినములలో మాత్రల డబ్బా బియ్యపు కుండలో దాగును; తీయుటకు సందు దొరకదు. జమ్మలమడుగు కోడలు బస్సు చార్జీకి అత్త నడుగవలెను. అడిగినచో కారణము చెప్పవలెను. పులివెందుల చీనీతోటల కూలివానికి ఆసుపత్రికి పోయిన దినము కూలి పోవును. వరుసలో ఊరివాడు కనబడినచో పరువును పోవునని భయము. ఈలోగా పసరుతో రోగమును సమూలముగా పెరికివేయుదు నను వాడొకడు తగులును.

ఉపవాసము గాని, రంజాను రోజా గాని అడ్డు కానేరదు. వైద్యుని అడిగి మాత్రను రాత్రివేళకు మార్చుకొనవచ్చును.

చట్టము నిద్రించుట లేదు. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి. చట్టము 2018 సెప్టెంబరు 10 నుండి అమలులో నున్నది. కొలువున, బడిలో, ఆసుపత్రిలో, అద్దెయింట వివక్ష చూపరాదు. చట్టము చెప్పిన కొలది సందర్భములలో దప్ప, సమ్మతి లేక రోగి రహస్యము బయటపెట్టరాదు. కలిసి కాపురమున్న యింటినుండి వెడలగొట్టరాదు. ద్వేషము ప్రచారము చేసినవారికి మూడు నెలలనుండి రెండేండ్ల వరకు ఖైదు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును.

అయినను అరుగుమీది గుసగుసకు వారంటు పంపు న్యాయస్థానము లేదు. దానిని మానవలసినవారము మనమే. ఆసుపత్రిలో నెరిగినవారు కనబడినచో "ఎందుకు వచ్చితివి?" అని అడుగకుడు. అత్తలారా, కారణ మడుగక చార్జీ చేతబెట్టుడు. తోటల యజమానులారా, ఆనాటి కూలి కోయకుడు. మనము నోరు కట్టుకొన్ననాడే వారి నోటికి మాత్ర చేరును.