సెల్ఫ్ కొట్టే ముందు
(వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహ్. 

ప్రతి ఏడూ ఈ వేదిక మీద ఎంతమంది పిల్లలు పని నేర్చుకున్నారో చెప్తూ వచ్చాం. ఈ ఏడు ముందుగా మేము చేసిన ఒక తప్పు చెప్తాం. మీరిచ్చిన డబ్బు మా చేతిలో అమానత్. జరిగిన మంచి మాత్రం చెప్పి, నష్టం దాచుకుంటే అది అమానత్ అనిపించుకోదు.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు రోజుల తరబడి నీళ్లు నిలిచిన సంగతి మీకందరికీ గుర్తే. నీళ్లు తీశాక ఒక చాచా తన లారీని మన డీజిల్ మెకానిక్ షెడ్డుకు లాగించుకొచ్చారు. ఉన్నది ఆ ఒక్క లారీ. యజమానీ ఆయనే, డ్రైవరూ ఆయనే. కిస్తీలు ఇంకా మిగిలి ఉన్నాయి. "స్టార్ట్ చేసిస్తే చాలు బేటా, కిరాయి పోతోంది" అన్నారు.

ఆ రోజు ఉస్తాద్ ఊళ్లో లేరు. కుర్రాళ్లు ఉత్సాహంగా ఆయిల్ మార్చారు, డీజిల్ ట్యాంకు కడిగారు, కొత్త బ్యాటరీలు పెట్టి సెల్ఫ్ కొట్టారు. ఇంజన్ కొంచెం తిరిగి దబ్బున ఆగిపోయింది. బ్యాటరీ చాలలేదేమోనని పక్క లారీ నుంచి తీగలు కలిపి మళ్లీ కొట్టారు. లోపల ఖంగుమని శబ్దం వచ్చింది. హెడ్ దింపి చూస్తే ఒక సిలిండరులో నీళ్లు. కనెక్టింగ్ రాడ్ వంగిపోయి ఉంది.

ఎందుకిలా అయిందంటే, డీజిల్ ఇంజనుకు నిప్పు రవ్వనిచ్చే ప్లగ్గు ఉండదు. పిస్టన్ పైకి వచ్చి గాలిని 16, 17 రెట్లు నొక్కుతుంది. ఆ నొక్కుడుకు గాలి 500 డిగ్రీల పైకి కాగుతుంది. అందులో డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. నీళ్లున్న సిలిండరులో పిస్టన్‌ను బలవంతంగా పైకి తోస్తే వంగేది రాడ్డే.

రాడ్డు, పిస్టన్, లైనర్, కూలి అన్నీ మేమే పెట్టుకున్నాం. జకాత్ ఖాతా ముట్టలేదు. శిక్షణ కేంద్రం చూసుకునే మేము తలా కొంత వేసుకున్నాం, మిగిలింది సాధారణ విరాళాల్లోంచి ఖర్చు చేశాం. బండి నిలిచిపోయిన రోజుల కిరాయి మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాం. చాచా మాఫ్ చేశారు. ఆయన మాఫ్ చేశారు కదా అని మేము మరిచిపోకూడదు.

తప్పు కుర్రాళ్లది కాదు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి కొట్టే ముందు ఏ మెట్టు దగ్గర తప్పాడో చూడాలని మేము బళ్లో చెప్తుంటాం. ఇక్కడ ఆ మెట్టు మేమే నేర్పలేదు. విప్పడం, బిగించడం నేర్పాం. విప్పే ముందు ఏం అడగాలో, ఏం చూడాలో నేర్పలేదు. ఆ తర్వాత ఉస్తాద్‌తో కూర్చుని ఒక వరుస రాసి షెడ్డు గోడకు అంటించాం. మీలో లారీలున్నవారికి కూడా పనికొస్తుంది కనుక చెప్తున్నాం.

మొదట తాళం తిప్పకుండా డ్రైవరును అడగాలి. చివరిసారి ఎప్పుడు నడిచింది? ఏం శబ్దం వచ్చింది? రేడియేటరులో నీళ్లు తగ్గుతున్నాయా? బండి నీళ్లలో నిలిచిందా? తర్వాత ఆయిల్ గేజి తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే అందులో నీళ్లు చేరినట్టే. ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. ఏ కొంచెం అనుమానమున్నా ఇంజెక్టర్లు తీసి, పక్కకు నిలబడి, ఇంజన్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. నీళ్లుంటే ఆ రంధ్రాల్లోంచే బయటికొస్తాయి. మునిగిన బండిని స్టార్ట్ చేయబోయి ఇంజన్ పోతే మామూలు ఇన్సూరెన్సు పాలసీల మీద తరచూ పేచీ వస్తుందని కూడా గుర్తుంచుకోండి.

రెండోది, సెల్ఫ్ తిరగకపోతే. లారీలో సాధారణంగా రెండు 12 వోల్టుల బ్యాటరీలుంటాయి. బాగున్న బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు ఒక్కోటి 12.6 వోల్టుల దాకా చూపాలి. బ్యాటరీని తప్పుపట్టే ముందు టెర్మినళ్లు, ఎర్త్ తీగ శుభ్రం చేయాలి. అవన్నీ బాగుండి కూడా తిరగకపోతే చెడింది సెల్ఫా, ఇంజన్ పట్టేసిందా అన్నది చేత్తో తిప్పి తేల్చుకోవాలి.

మూడోది, సెల్ఫ్ బాగా తిరిగినా స్టార్ట్ కాకపోతే. సైలెన్సర్ వైపు చూడాలి. పొగే లేకపోతే డీజిల్ అందడం లేదు. ట్యాంకు, ఫిల్టర్, పైపులో గాలి, ఇలా వరుసగా వెతకాలి. తెల్లపొగ వస్తుంటే డీజిల్ అందుతోంది గానీ అంటుకోవడం లేదు. సెల్ఫ్‌ను ఆపకుండా కొట్టకూడదు, మధ్యలో చల్లారనివ్వాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండ్లలో ఇంజెక్టర్ పైపు వదులు చేసి చూసే పాత అలవాటు ప్రాణం మీదికి తెస్తుంది. అందులో డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోయేంత ఒత్తిడితో ఉంటుంది.

చివరిది, "ఇంజన్ పోయింది" అనే ముందు కొలిచి చూడాలి. కంప్రెషన్ గేజి పెట్టి సిలిండర్లన్నీ పోల్చాలి. ఒక్కటే తగ్గితే వాల్వో, రింగులో చూడాలి. పక్కపక్క రెండూ తగ్గితే వాటి మధ్య గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఆయిల్ ఫిల్టర్ కోసి చూస్తే మెరిసే లోహపు పొడి కనిపించిందా, బేరింగులు అరుగుతున్నట్టు.

మొన్న ఇంకో లారీ వచ్చింది. వేరేచోట ఇంజన్ దింపాలన్నారట. మన కుర్రాడు గోడమీది వరుస ప్రకారం వెళ్లాడు. సెల్ఫ్ తిరుగుతోంది, పొగ లేదు. ఫిల్టర్‌కు ముందు పారదర్శకమైన గొట్టం పెట్టి చూస్తే డీజిల్‌లో బుడగలు. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపు పగిలి గాలి పీలుస్తోంది. పైపు ముక్క, రెండు క్లిప్పులు వేసి గాలి తీస్తే బండి స్టార్ట్ అయింది. చాచా లారీకి రెండోసారి సెల్ఫ్ కొట్టింది ఈ కుర్రాడే.

పెద్దలారా, మీరు సంతోషంగా పానాల సెట్లు కొనిచ్చారు. ఈ ఏడు మేము అడిగేది కొలిచే సామాను. డీజిల్ కంప్రెషన్ గేజి, ఇంజెక్టర్ టెస్టర్, కొత్త బండ్లకు స్కానర్ కావాలి. ఫొటోలో ఇవి పెద్దగా కనిపించవు. కానీ అనవసరంగా ఇంజన్ దింపడం తప్పిన ప్రతి లారీ వెనక ఒక ఇంటి పొయ్యి ఆరకుండా ఉంటుంది. ఆ కుర్రాడు రేపు ఇంకొకడికి నేర్పితే మీకది సదకా జారియా అవుతుంది, ఇన్‌షా అల్లాహ్.

మా పొరపాటును అల్లాహ్ క్షమించుగాక. మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్. వస్సలాము అలైకుమ్.