పిన్ను పెట్టారు, పని ఇచ్చారా?



ఆగస్టు రోటరీకి సభ్యత్వ మాసం. జులై ఒకటిన కొత్త కార్యవర్గాలు బాధ్యతలు తీసుకున్నాయి. కాలరు మెడలో పడిన మరుక్షణం నుంచి ప్రతి అధ్యక్షుడి ముందూ ఒక అంకె నిలబడింది. ఈ ఏడాది ఇంతమందిని చేర్చాలి. ఆ అంకె అందుకోవడం ఎలాగో చెప్పమని నన్ను పిలిచారు. చేర్చడం గురించి కొద్దిగానే చెబుతాను. చేరినవాళ్ళు ఎందుకు వెళ్ళిపోతున్నారన్నది ఎక్కువగా చెబుతాను, ఎందుకంటే మన చిక్కంతా అక్కడే ఉంది. ప్రపంచం మొత్తం మీద రోటరీ సభ్యుల సంఖ్య రెండు దశాబ్దాలకు పైగా ఇంచుమించు 12 లక్షల దగ్గరే తిరుగుతోంది. మన దేశంలో పెరుగుతున్న మాట నిజమే. 2021-22లో ప్రపంచ అధ్యక్షుడిగా ఉన్న కలకత్తా వాసి శేఖర్ మెహతా ప్రతి సభ్యుడూ ఒకరిని తీసుకురావాలని పిలుపునిచ్చారు. ఇలాంటి పిలుపులు అంతకు ముందూ వచ్చాయి, ఇక ముందూ వస్తాయి. ఏటా కొత్తవాళ్ళు వస్తూనే ఉన్నా మొత్తం అక్కడే ఆగిపోయిందంటే, ఇటు వస్తున్నంతమందీ అటు వెళ్ళిపోతున్నారనే కదా.

ఇండక్షన్ రోజు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. కొత్త సభ్యుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, భార్యనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వస్తాడు. తీసుకొచ్చిన స్పాన్సరు మైకులో నాలుగు మంచి మాటలు చెబుతాడు. అధ్యక్షుడు పిన్ను పెడతాడు. చప్పట్లు, శాలువా, ఫొటో. ఆ రాత్రి ఇంటికి వెళ్ళి ఆ పిన్నును జాగ్రత్తగా బీరువాలో పెట్టుకుంటాడు. మరుసటి వారం మీటింగుకు వస్తాడు. పాత మిత్రులంతా ఎప్పుడూ కూర్చునే బల్ల దగ్గరే కూర్చుని ఉంటారు. అక్కడ ఖాళీ కుర్చీ ఉండదు. ఆయన వెనక వరసలో ఒక పక్కగా కూర్చుని, సెక్రటరీ చదివే నివేదిక వింటాడు. అందులో వచ్చే పేర్లు ఆయనకు తెలియవు, పాత ముచ్చట్లు అర్థం కావు. భోజనం చేసి వెళ్ళిపోతాడు. ఆ పై వారం కూడా అంతే. మూడో వారం దుకాణంలో ఏదో పని పడుతుంది. ఆ తర్వాత ఏ పనీ పడకపోయినా రాడు. అప్పుడు మనం ఆయనకు సేవాభావం లేదని ఒక మాట అనేస్తాం. ఆ మాట అన్యాయం. సేవ చేద్దామనే వచ్చాడు. చెయ్యడానికి ఆయన చేతిలో మనం ఏమీ పెట్టలేదు.

ఇక్కడ మన సంస్థ మొదటి రోజుల్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1905 ఫిబ్రవరి 23న షికాగోలో పాల్ హారిస్, మరో ముగ్గురూ కలిసి మొదటిసారి కూర్చున్నారని మనందరికీ తెలుసు. పల్లెటూరి నుంచి మహానగరానికి వచ్చిన వకీలు హారిస్, నా అనేవాళ్ళు లేక తోడు వెతుక్కున్నాడు. మొదట్లో క్లబ్బు ఆశయాలు రెండే. సభ్యులు వ్యాపారంలో ఒకరికొకరు సాయపడటం ఒకటి, స్నేహం రెండోది. 1906లో డొనాల్డ్ కార్టర్ అనే పేటెంటు వకీలును సభ్యుడిగా చేరమని పిలిచారు. ఆయన నియమావళి చదివి చేరనన్నాడు. మీలో మీరు సాయపడటం తప్ప ఊరికి చేసేది ఏమీ లేదు, ఇలాంటి సంఘం ఎక్కువ కాలం నిలవదని మొహం మీదే చెప్పాడు. పిలిచినవాళ్ళకు కోపం రాలేదు. అయితే మీరే వచ్చి ఆ లోటు సరిచెయ్యండన్నారు. నగరం మేలు కోసం పనిచెయ్యడం అన్న మూడో ఆశయం నియమావళిలో చేరింది, కార్టరూ చేరాడు. 1907లో ఆ క్లబ్బు షికాగో సిటీ హాలు దగ్గర జనం కోసం మరుగుదొడ్లు కట్టించే పని తలకెత్తుకుంది. సేవాసంస్థగా రోటరీ మొదటి మెట్టు అదే.

చేరనన్న ఒక్క మనిషి మాట విన్నందువల్ల ఆ క్లబ్బు ప్రపంచమంతా పాకింది. మన దగ్గర చేరనన్నవాణ్ణి ఎందుకని అడుగుతున్నామా? వెళ్ళిపోయినవాడి ఇంటికి వెళ్ళి ఏం నచ్చలేదని అడుగుతున్నామా? ఈ ఒక్క పని ఈ నెలలో చెయ్యండి. పోయిన ఏడాది మానేసినవాళ్ళ జాబితా సెక్రటరీ దగ్గర ఉంటుంది. ఇద్దరిద్దరు కలిసి వాళ్ళ ఇళ్ళకు వెళ్ళండి. మళ్ళీ చేరమని ఒత్తిడి చెయ్యకండి. కాఫీ ఇస్తే తాగి, వాళ్ళు చెప్పేది విని రండి. సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

ఇక పని ఇవ్వడమంటే ఏమిటో చూద్దాం. పని అంటే కమిటీలో పేరు వెయ్యడం కాదు. మా డెల్టా ఊళ్ళలో కంటి శిబిరాలు ఎక్కువ. పొద్దున్నే స్కూలు వరండాలో బల్లలు వేస్తాం. ఒకచోట పేరు రాస్తారు, ఒకచోట బీపీ, ఒకచోట సుగరు, తర్వాత డాక్టరు. శుక్లం ముదిరిందంటే, ఏ కంటికి ఆపరేషనో ఆ కంటి పైన నుదుటి మీద చిన్న ప్లాస్టరు ముక్క అంటిస్తారు. సాయంత్రం బస్సు వస్తుంది. ముసలమ్మలు గుడ్డ సంచుల్లో రెండు చీరలు పెట్టుకుని ఎక్కుతారు. క్లబ్బు బ్యానరు ముందు ఫొటో దిగి మనం ఇళ్ళకు వెళతాం. ఆపరేషను అయినవాళ్ళు నల్ల కళ్ళద్దాలతో ఇళ్ళకు తిరిగొస్తారు. అసలు జాగ్రత్త అప్పుడు కావాలి. నెలకు పైగా చుక్కల మందు వేసుకోవాలి, తలకు నీళ్ళు పోసుకోకూడదు, పొయ్యి దగ్గర పొగలో కూర్చోకూడదు. ఈ సంగతులు ఇంటికి వెళ్ళాక ఎవరు గుర్తు చెయ్యాలి?

మా క్లబ్బులో కొత్తగా చేరిన ఒక కుర్రాడికి సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ఈ పని అతనికి అప్పజెప్పాం. రోజూ మధ్యాహ్నం బేరాలు పలచబడే వేళ జాబితా ముందు పెట్టుకుని ఫోన్లు చేసేవాడు. ఒక పెద్దావిడ, “వేసుకుంటన్నాను నాయనా, సీసా మొన్నే అయిపోయింది. నువ్వెవరి అబ్బాయివి?” అంది. అతను సాయంత్రం మందుల షాపులో సీసా కొని, బండి వేసుకుని ఆ ఊరు వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఆ వారం బోర్డు మీటింగులో లేచి, “చెయ్యి వణికే వయసు వాళ్ళది. సగం మందు చెంప మీదే పడుతుంది. మొదటే రెండు సీసాలు ఎందుకివ్వం?” అని అడిగాడు. ఏళ్ళ తరబడి శిబిరాలు పెడుతున్న మాకెవరికీ ఆ ఆలోచన రాలేదు. మరుసటి శిబిరం నుంచి రెండు సీసాలూ ఇస్తున్నాం. ఆ అబ్బాయి క్లబ్బు వదిలిపోతాడన్న బెంగ మాకు లేదు. ఈ క్లబ్బులో తన మాటతో ఒకటి మారింది, అది అతనికి తెలుసు.

అందుకని నా మనవి ఇది. పిన్ను పెట్టే ముందే ఆ మనిషికి ఏ పని ఇవ్వబోతున్నామో బోర్డులో నిర్ణయించండి. ఆ పని చిన్నదైనా పూర్తిగా ఆయనదే అయి ఉండాలి. ఆయన లేకపోతే ఆగిపోయేదిగా ఉండాలి. ఆడిటరైతే శిబిరం లెక్క రాయనివ్వండి. టీచరమ్మ అయితే మనం పుస్తకాలిచ్చిన బడికి నెలకొకసారి వెళ్ళి, అవి పిల్లల చేతుల్లో ఉన్నాయో ఇంకా పెట్టెల్లోనే ఉన్నాయో చూసి రమ్మనండి.

పోలియో సంగతి ఇదే చెబుతుంది. 1985లో రోటరీ పోలియోప్లస్ మొదలుపెట్టింది. మన దేశంలో 1995 నుంచి పల్స్ పోలియో ఆదివారాలు వచ్చాయి. బస్టాండుల్లో, రైల్వే స్టేషన్లలో, గుడి మెట్ల దగ్గర మనవాళ్ళు బల్ల వేసుకుని కూర్చునేవారు. ఐస్ పెట్టె, రెండు చుక్కలు, చిటికెన వేలి గోరు మీద మార్కరు గీత. ఆ గీత గీసే పని ఎవరైనా చెయ్యగలరు. 2011 జనవరి 13న హౌరాలో మన దేశపు చివరి వైల్డ్ వైరస్ పోలియో కేసు బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మన ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో లేని ప్రాంతంగా ధ్రువీకరించింది. ఈ రోజు మన క్లబ్బుల్లో పాతికేళ్ళుగా అంటిపెట్టుకుని ఉన్న పెద్దవాళ్ళను పలకరించి చూడండి. చాలామంది ఆ ఆదివారాల గురించే మొదట చెబుతారు. వాళ్ళను క్లబ్బులో నిలబెట్టింది ఆ బల్ల.

ఆడవాళ్ళ విషయం కాస్త వివరంగా మాట్లాడాలి. కాలిఫోర్నియాలోని డ్వార్టె ఊరి క్లబ్బులో సభ్యులు తగ్గిపోతూ ఉంటే, 1970ల చివర్లో వాళ్ళు ముగ్గురు మహిళలను చేర్చుకున్నారు. నియమానికి విరుద్ధమని 1978లో అంతర్జాతీయ సంస్థ ఆ క్లబ్బు చార్టరు రద్దు చేసింది. వాళ్ళు క్లబ్బు మూసెయ్యలేదు. ‘మాజీ రోటరీ క్లబ్’ అని పేరు పెట్టుకుని కలుస్తూనే ఉన్నారు, కోర్టుకెక్కారు. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు వాళ్ళ పక్షాన తీర్పు చెప్పింది. ఆ ఏడాదే స్కూలు ప్రిన్సిపాలు సిల్వియా విట్లాక్ ఆ క్లబ్బు అధ్యక్షురాలయ్యారు. 1989లో ప్రపంచమంతటా తలుపులు తెరుచుకున్నాయి. నియమం మారి ఇన్నేళ్ళయినా మన జిల్లాల్లో చాలా క్లబ్బులు సభ్యుల భార్యలను ‘యాన్స్’ అని పిలిచి, ఫ్యామిలీ మీట్‌లో తంబోలా ఆడించి, సంక్రాంతికి ముగ్గుల పోటీ పెట్టి ఊరుకుంటున్నాయి. మన ఊళ్ళో నర్సులున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు, టైలరింగు షాపు పెట్టి పదిమందికి పని ఇస్తున్నవాళ్ళున్నారు, డ్వాక్రా సంఘం లెక్కలు పైసా తేడా లేకుండా నడుపుతున్నవాళ్ళున్నారు. వాళ్ళను వాళ్ళ పేరుతో, వాళ్ళ వృత్తితో సభ్యులుగా పిలవండి. ఒక్కరినే పిలవకండి. పాతికమంది మగవాళ్ళ మధ్య ఒక్కరే కూర్చోవాలంటే ఎవరికైనా కష్టమే. ముగ్గురినో నలుగురినో కలిపి పిలవండి. ఏడున్నరకని చెప్పిన మీటింగు ఏడున్నరకే మొదలుపెట్టండి. ఎనిమిదింబావుకు మొదలై పదిన్నరకు భోజనం పెట్టే మీటింగుకు ఇంట్లో బాధ్యతలున్న మనిషి ఎన్ని వారాలు రాగలుగుతుంది?

వృత్తుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. తొలినాటి రోటరీలో ఒక్కో వృత్తికి ఒక్కరే అన్న నియమం ఉండేది. ఆ కట్టుబాటు ఇప్పుడు సడలినా దాని వెనక ఉన్న ఆలోచన మంచిది. క్లబ్బు చూస్తే ఊరు కనిపించాలి. ఒకే వీధి, ఒకే వ్యాపారం, ఒకే కులం వాళ్ళతో నిండిన క్లబ్బులు మనకున్నాయి. అలాంటి క్లబ్బుకు ఊరి అవసరాలు సగమే కనిపిస్తాయి. ఒక కాగితం మీద మీ ఊళ్ళోని వృత్తులన్నీ రాయండి. ఎరువుల షాపు, బోరు మెకానిక్కు, ఫిజియోథెరపిస్టు, చేపల చెరువుల టెక్నీషియను, డీటీపీ సెంటరు, పశువుల డాక్టరు, విద్యుత్తు ఇంజనీరు. పక్కన మన సభ్యుల పేర్లు రాయండి. ఎదురుగా పేరు లేని వృత్తి దగ్గరికి ముందు వెళ్ళండి.

ఖర్చు సంగతి పైపైన పోనివ్వకూడదు. పాతికేళ్ళ కుర్రాడు జీతంలోంచి ఏటా డ్యూస్ (సభ్యత్వ రుసుము) కట్టి, ప్రతి వారం హోటలు భోజనం బిల్లు పంచుకోలేడు. 2016లో నియమాలు మారాక నెలకు రెండు మీటింగులు చాలు. అందులో ఒకటి బడిలోనో లైబ్రరీలోనో టీ, మిరపకాయ బజ్జీలతో జరిపితే ఎవరి గౌరవమూ తగ్గదు. డ్యూస్‌లో అంతర్జాతీయ సంస్థకు ఎంత పోతుంది, జిల్లాకు ఎంత, మన దగ్గర ఎంత మిగులుతుంది అన్నది బోర్డు మీద రాసి చూపించండి. ఊరి దాతలిచ్చిన డబ్బుకు ఒక ఖాతా, మన భోజనాలకు ఒక ఖాతా. ఈ రెండూ కలిశాయన్న అనుమానం ఒకసారి పుడితే మంచి సభ్యుడు మాటామంతీ లేకుండా తప్పుకుంటాడు.

జూన్ నెలాఖరులో లక్ష్యం అందలేదని అధ్యక్షుడు తన జేబులోంచి డ్యూస్ కట్టి బావమరిది పేరు, గుమస్తా పేరు రాయించడం మనలో చాలామంది చూశారు. దయచేసి ఈ పని మానండి. అవార్డు వస్తుంది, జనవరికల్లా ఆ పేర్లు పోతాయి. తర్వాత వచ్చే అధ్యక్షుడు, లేని మనుషుల డ్యూస్ భారంతో ఏడాది మొదలుపెట్టాలి. పదిమంది నిజమైన సభ్యులున్న క్లబ్బు అధ్యక్షుణ్ణి ఈ వేదిక మీద తలెత్తుకుని నిలబడనివ్వండి. జిల్లా పెద్దలకు కూడా ఇదే నా విన్నపం. చేరినవారి సంఖ్యతో పాటు మూడేళ్ళు నిలిచినవారి సంఖ్య కూడా అడగండి.

రాని సభ్యుడి విషయంలో ఒక్క మాట. ట్రెజరరు ఫోను తప్ప క్లబ్బు నుంచి ఇంకో ఫోను రాని సభ్యులు ప్రతి క్లబ్బులోనూ ఉన్నారు. రెండు మీటింగులు రాకపోతే మూడోది జరగకముందే ఎవరో ఒకరు పలకరించాలి. ఇంట్లో జబ్బు ఉండొచ్చు, వ్యాపారంలో నష్టం వచ్చి మొహం చూపించలేకపోతూ ఉండొచ్చు. నష్టం వచ్చినవాడికి డ్యూస్ వాయిదా వెయ్యండి, ఆ సంగతి మీకూ ట్రెజరరుకూ మధ్యనే ఉంచండి. స్నేహం కోసం పుట్టిన సంస్థ ఇది. కష్టంలో ఉన్నవాణ్ణి జాబితాలోంచి కొట్టేసే అధికారం నియమావళి ఇచ్చినా, దాన్ని వాడాల్సిన అవసరం లేదు.

చివరగా బదిలీలు. బ్యాంకువాళ్ళు, ఇంజనీర్లు, లెక్చరర్లు మూడేళ్ళకోసారి ఊరు మారతారు. శాలువా కప్పి పంపించి మనం మర్చిపోతాం, వాళ్ళు కొత్త ఊళ్ళో ఎవరినీ ఎరగక ఊరుకుంటారు. తయారైన సభ్యుణ్ణి ఇలా పోగొట్టుకుంటున్నాం. బదిలీ ఉత్తర్వు వచ్చిన వారంలోనే ఆ ఊరి క్లబ్బు సెక్రటరీకి ఫోను చేసి పేరు, నంబరు, ఇక్కడ ఆయన చేసిన పని చెప్పండి. కొత్త ఊళ్ళో ఇల్లు వెతికిపెట్టడానికి, పిల్లల బడికి సాయం చెయ్యమనండి. ఈ రోజు ఈ హాల్లో ఇన్ని ఊళ్ళ సెక్రటరీలు ఉన్నారు. భోజనాలకు లేచేలోగా మీ క్లబ్బు నుంచి ఈ వేసవిలో బదిలీ అయినవాళ్ళ పేర్లు ఆయా ఊళ్ళవాళ్ళకు రాసివ్వండి. కాగితాలు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్నాయి. ఇక మీ ప్రశ్నలు అడగండి.