జమానతు కాగితం లేని స్త్రీలు

(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విచారణ ఖైదీల హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. చట్టం సంగతి చెప్పటానికి మీలో లాయర్లున్నారు. నేను సామాజికశాస్త్రం చదువుకున్నదాన్ని. అందుచేత చట్టంలో ఉన్న హక్కు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఒక స్త్రీ దాకా వచ్చేసరికి ఎక్కడెక్కడ ఆగిపోతుందో, ఆ సంగతే చెప్తాను. కరీంనగర్, ఆదిలాబాద్ అన్నప్పుడు 2016కు ముందున్న పాత జిల్లాలని నా ఉద్దేశం. ఆ రెండూ ముక్కలై ఎనిమిది జిల్లాలయ్యాయి. 2022 జూన్‌లో కొత్త జిల్లాలకు జిల్లా కోర్టులు కూడా వచ్చాయి. జైళ్లు మాత్రం ఆ లెక్కన రాలేదు. ఆడవాళ్లకు విడిగా బ్యారక్ ఉండాలి, మహిళా వార్డర్లు ఉండాలి. అవి లేని చోట అరెస్టయిన స్త్రీని ఉన్న చోటికి తీసుకుపోతారు. మంచిర్యాల నుండి ఆదిలాబాద్ దాదాపు నూట యాభై కిలోమీటర్లు. ములాఖాత్‌కు పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, రానూ పోనూ బస్సు చార్జీలు. ఆమె కోసం వెళ్లేవాళ్లెవరు?

దేశం మొత్తం లెక్క ఒకటి చెప్పి పక్కన పెడతాను. జాతీయ నేర నమోదు సంస్థ ప్రకారం 2022 చివరికి మన జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. అందులో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నలుగురిలో ముగ్గురు. నేరం చేశారో లేదో ఇంకా ఏ కోర్టూ చెప్పని మనుషులు వీళ్లు. మొత్తం ఖైదీల్లో స్త్రీలు 23,772 మంది, నూటికి నాలుగు. ఈ నాలుగు శాతం మీదే నా బెంగ. తక్కువ మంది కాబట్టి జైలు కట్టేటప్పుడు వాళ్లు గుర్తుకురారు, కమిటీ వేసేటప్పుడు గుర్తుకురారు. నిజం చెప్పాలంటే మన సంఘాలకూ అంతగా గుర్తుకురారు.

ఆడవాళ్ల బ్యారక్‌లో ఎవరుంటారు? నా పరిశోధనలో కలిసిన వాళ్లను బట్టి చెప్తున్నాను. గుడుంబా కాసిందనో అమ్మిందనో వచ్చిన ఒంటరి స్త్రీలు. చిల్లర దొంగతనాల కేసులు. పోడు చేసుకున్నందుకు అటవీశాఖ పెట్టిన కేసులు. భర్తను చంపిందన్న కేసులు. కోడలు చనిపోయిన కేసులో అత్త, ఆడబిడ్డ. ఈ చివరి మాట దగ్గర మనకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. 498ఎ 1983లో వచ్చింది, వరకట్న మరణాల మీద 304బి 1986లో వచ్చింది. రెండింటి వెనకా స్త్రీల ఉద్యమం ఉంది. ఆ చట్టాల అవసరం నేటికీ తీరలేదని నేననుకుంటాను. అయితే ఆ కేసులో లోపలికి వెళ్లిన అరవై ఏళ్ల అత్తకు లాయరు ఉన్నాడా లేడా అని అడగటం, చనిపోయిన కోడలికి ద్రోహం చేయటం అవుతుందా? కాదని నా అభిప్రాయం. కేసు అబద్ధమని మనం చెప్పనక్కర లేదు. కేసు నిజమైనా సరే, ఆమెకు లాయరు ఉండాలి, వాయిదాకు తీసుకెళ్లాలి, తన మీద ఏం రాశారో తనకు తెలియాలి. ఫిర్యాదు చేసిన స్త్రీ పక్కన నిలబడటం మనం బాగానే నేర్చుకున్నాం. ముద్దాయి అయిన స్త్రీ దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు గేటు బయటే ఆగిపోతున్నాం.

ఈ జిల్లాలకు జైలు కొత్తేమీ కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ తర్వాతి నెలలోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో కాల్పులు. ఆ తర్వాత పదేళ్ల పాటు టాడా, 1995లో దాని గడువు తీరేదాకా. ఊళ్లకు ఊళ్లు కోర్టుల చుట్టూ తిరిగాయి. ఆ కాలంలో జైలు గేటు ముందు అన్నం మూటతో నిలబడింది ఎక్కువగా ఆడవాళ్లే. ఖైదీల తరఫున మాట్లాడటం ప్రమాదకరమైన పని కూడా. పౌరహక్కుల సంఘం కరీంనగర్ జిల్లా నాయకుడు జాపా లక్ష్మారెడ్డి 1986లో హత్యకు గురయ్యారు. అదంతా గడిచిపోయిన కాలమని అనుకోవద్దు. 2020లో మంథని పోలీసు స్టేషన్‌లో ఒక మనిషి చనిపోతే, దాని మీద హైకోర్టుకు లేఖ రాసింది న్యాయవాది నాగమణి. 2021 ఫిబ్రవరిలో ఆమెను, ఆమె భర్త వామన్‌రావును మంథని కోర్టు నుండి తిరిగి వెళ్తుండగా పెద్దపల్లి జిల్లాలో నడిరోడ్డు మీద నరికి చంపారు. వాళ్ల హత్యకూ ఈ లేఖకూ ముడిపెట్టటం లేదు. ఈ జిల్లాల్లో లాయరు పని ఎలాంటి నేల మీద జరుగుతుందో చెప్పటానికి అంటున్నాను.

రాజకీయ ఖైదీ కోసం కన్నబిరాన్ వంటి వాళ్లు హైదరాబాద్ నుండి వచ్చి వాదించారు. కరపత్రాలు వేసేవాళ్లుండేవారు, చందాలు పోగుచేసేవాళ్లుండేవారు. 1994-95లో రాష్ట్రంలోని జైళ్లలో ఖైదీలు ఆందోళన చేసినప్పుడు రాజకీయ ఖైదీలు, మామూలు ఖైదీలు కలిసి నిలబడ్డారు. గుడుంబా కేసులో లోపలికొచ్చిన స్త్రీ కోసం మాత్రం అప్పుడూ ఎవరూ కరపత్రం వేయలేదు, ఇప్పుడూ వేయటం లేదు.

ఇప్పుడు జమానతు సంగతి. ఎక్కువ సేపు దీని గురించే మాట్లాడతాను, ఎందుకంటే నేను కలిసిన స్త్రీలలో చాలామంది బెయిలు రాక లోపల లేరు. బెయిలు వచ్చీ లోపల ఉన్నారు.

చట్టం స్త్రీకి అనుకూలంగానే ఉంది. ఉరిశిక్ష గానీ యావజ్జీవం గానీ పడే నేరమైనా సరే, స్త్రీ అయితే బెయిలు ఇవ్వవచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 437వ సెక్షనులో ఉండేది. 2024 జులై 1 నుండి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ 480వ సెక్షనుగా ఉంది. అరవై రోజుల్లో, పెద్ద నేరాలైతే తొంభై రోజుల్లో చార్జిషీటు వేయకపోతే బెయిలు హక్కుగా వస్తుంది. అయితే రెండు చోట్లా ఒక మాట అంటిపెట్టుకుని ఉంటుంది: జమానతు ఇవ్వగలిగితే.

జమానతు అంటే ఏమిటి? ఇద్దరు మనుషులు కోర్టుకు రావాలి. వాళ్ల చేతిలో పట్టాదారు పాసు పుస్తకమో, ఇంటి పన్ను రసీదో, జీతం స్లిప్పో ఉండాలి. ఇప్పుడు మన ఊళ్లలో ఆ కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో ఒక్కసారి తలచుకోండి. భూమి మామ పేరున, ఇల్లు భర్త పేరున. గోదావరిఖనిలో జీతం స్లిప్పు మొగుడిది. సిరిసిల్లలో బీడీలు చుట్టే స్త్రీకి బీడీ కార్డు ఉంటుంది గానీ ఆ కార్డు చూసి ఏ గుమాస్తా జమానతు రాసుకోడు. అంటే ఆమె బయటికి రావాలంటే అత్తింటి మగవాళ్లో పుట్టింటి మగవాళ్లో పని మానుకుని కోర్టుకు రావాలి. భర్తను చంపిందన్న కేసులో ఆమెకు అత్తింటి వాళ్లు జమానతు పడతారా? కోడలు చనిపోయిన కేసులో అత్తతో పాటు కొడుకూ, భర్తా లోపలే ఉంటే ఎవరు పడతారు? నాతో మాట్లాడిన ఒకామెకు బెయిలు ఆర్డరు వచ్చి నాలుగు నెలలయింది. "అన్నలకు చెప్పి పంపిన మేడం, దసరా ఎల్లినంక వస్తమన్నరు," అంది. నేను కలిసినప్పటికి సంక్రాంతి కూడా దాటిపోయింది.

అన్నలు రాని చోటికి అద్దె జమానతుదార్లు వస్తారు. కోర్టుల దగ్గర తిరిగేవాళ్లకు వీళ్లు తెలియనివాళ్లు కారు. డబ్బు తీసుకుని సంతకం పెడతారు. ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టి బయటికొచ్చిన స్త్రీ, అప్పు తీర్చటానికి మళ్లీ గుడుంబా బట్టీ దగ్గరికే పోతుంది. దీన్ని పట్టుకుని "వీళ్లింతే, అలవాటు పడ్డ నేరస్థులు" అని రాసేవాళ్లను చూస్తే నాకు చాలా కోపం వస్తుంది.

సుప్రీంకోర్టుకు ఈ సంగతి తెలియక కాదు. 1978లో మోతీరాం కేసులో ఒక తాపీమేస్త్రీని పదివేల రూపాయల జమానతు అడిగారు. అతని సోదరుడు వేరే జిల్లా వాడని ఆ జమానతు తోసిపుచ్చారు. అది తప్పని జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. మరుసటి ఏడాది హుస్సేనారా ఖాతూన్ కేసు. బీహార్ జైళ్లలో విచారణ లేకుండా ఏళ్లకేళ్లు మగ్గినవాళ్ల తరఫున కోర్టుకు వెళ్లింది కపిలా హింగొరాణీ అనే మహిళా న్యాయవాది. నేరమేమీ లేకుండానే, "రక్షణ" పేరుతో జైల్లో పెట్టిన స్త్రీలు కూడా వాళ్లలో ఉన్నారు. ఆ తీర్పులు వచ్చి నలభై ఐదేళ్లు దాటింది. 2023 జనవరి 31న అదే కోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది: బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల దాటినా జమానతు పెట్టుకోలేకపోతే షరతు సడలించే విషయం కోర్టు తనంతట తాను పరిశీలించవచ్చు. స్థానిక జమానతే కావాలని పట్టుబట్టకూడదు. ఈ ఆదేశం గురించి నేను మాట్లాడిన స్త్రీలలో ఒక్కరికీ తెలియదు. అది వాళ్ల తప్పు కాదు.

ఆదిలాబాద్ అడవుల్లో ఇది మరో రూపంలో ఉంటుంది. 2022 జూన్‌లో మంచిర్యాల జిల్లా దండేపల్లి మండలం కోయపోచగూడలో పోడు భూముల గొడవలో పన్నెండు మంది ఆదివాసీ స్త్రీలను అరెస్టు చేసి జైలుకు పంపారు. పోడుకు పట్టా లేదు కాబట్టే కేసు. పట్టా లేదు కాబట్టే జమానతుకు కాగితం లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన వాళ్ల సంగతి చూద్దామంటే, ఆ భూమి వారసులకు వస్తుంది గానీ అమ్మటానికీ బదిలీకీ లేదు. ఆ పట్టా చూపిస్తే, ఇది వేలం వేయటానికి పనికొస్తుందా అని అడుగుతారు. భార్యాభర్తలిద్దరి పేరునా ఉమ్మడిగా ఇవ్వాలని చట్టంలోనే రాసిన అరుదైన పట్టా అది. ఆమె పేరున్న కాగితం చివరికి ఒకటి దొరికితే, అదీ కోర్టులో కాగితంగా నిలవటం కష్టమే.

భాష మరో అడ్డు. గోండు, కొలాం స్త్రీలకు తెలుగు కొద్దిగా వచ్చినా కోర్టు తెలుగు రాదు. ఆ మాటకొస్తే మనలో ఎంతమందికి వచ్చు? సాక్ష్యం ముద్దాయికి అర్థమయ్యే భాషలో చెప్పించాలని చట్టంలో ఉంది. అది విచారణ నాటి మాట. రిమాండుకు తెచ్చిన మొదటి రోజు, మేజిస్ట్రేటు ముందు నిలబెట్టిన ఆ కొద్ది నిమిషాల్లో "లాయరున్నాడా?" అని అడిగినప్పుడు ఆమెకు ఏం అర్థమయింది? తలూపుతుంది. ఉన్నాడని రాసుకుంటారు.

నిజానికి ఆమె అడగాల్సిన పని కూడా లేదు. లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి మొదటిసారి హాజరుపరచినప్పటి నుండే ప్రభుత్వ ఖర్చుతో న్యాయసహాయం ఇవ్వాలని 1980లో ఖత్రీ కేసులో, అడగలేదన్న సాకుతో నిరాకరించరాదని 1986లో సుఖ్‌దాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1995 నవంబరు 9న అమల్లోకి వచ్చిన న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం దొరకాలి. అయినా ఉచిత లాయరు అంటే నమ్మకం లేదు. "పైసలు తీసుకోని వకీలు నా కోసం ఎందుకు మాట్లాడుతడు?" అని ఒకామె అడిగింది. దగ్గర ఉన్న పుస్తె అమ్మి ప్రైవేటు లాయరును పెట్టుకుంది. ఆయన మూడు వాయిదాలకు రాలేదు. ఆమె అనుమానంలో అన్యాయమేమీ కనబడలేదు నాకు. నియమించిన లాయరు జైలుకొచ్చి ముద్దాయి మొహం చూడకుండానే వాదిస్తే నమ్మకం ఎక్కడి నుంచి వస్తుంది? 2022 నుండి జిల్లాల్లో పూర్తికాలపు డిఫెన్స్ కౌన్సిల్ పద్ధతి పెడుతున్నారు. వాళ్లు నెలకెన్నిసార్లు ఆడవాళ్ల బ్యారక్‌కు వచ్చారో అడిగే పని మనమే పెట్టుకోవాలి.

పిల్లల సంగతి క్లుప్తంగా చెప్తాను. తల్లితో పాటు జైల్లో ఉండే పిల్లల గురించి 2006లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆర్.డి. ఉపాధ్యాయ్ తీర్పులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. ఆరేళ్లదాకా తల్లి దగ్గర ఉండవచ్చు, పాలు, టీకాలు, శిశువిహారం ఉండాలి అన్నారు. ఆరేళ్లు నిండిన పిల్లలు, బయట వదిలేసి వచ్చిన పిల్లలు ఏమైనట్టు? బెయిలు వచ్చీ కాగితం లేక ఆగిపోయిన ప్రతి నెలా ఎక్కడో ఒక ఆడపిల్ల బడి మానేసి తమ్ముణ్ని ఎత్తుకుంటుంది.

కొత్త చట్టం గురించి మీరు ఆశగా అడుగుతున్నారు. మొదటిసారి ముద్దాయి అయితే, గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపాక వదిలిపెట్టాలని 479వ సెక్షను అంటోంది. యావజ్జీవం, ఉరిశిక్ష పడే నేరాలకు వర్తించదు. మంచిదే. అయితే అదే సెక్షనులో, ఒకటికి మించి కేసులు నడుస్తున్న మనిషికి ఈ సౌకర్యం లేదు. గుడుంబా కేసులు ఒక్కొక్క స్త్రీ మీద ఎన్నెన్ని ఉంటాయో ఎక్సైజు వాళ్ల దాడులు చూసిన మీకు నేను చెప్పాలా? పైగా ఇక్కడ 1986 నాటి పి.డి. యాక్టు ఉంది. దాని కింద విచారణే లేకుండా పన్నెండు నెలల దాకా నిర్బంధించవచ్చు. దాని వాడకం మీద సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరులో తెలంగాణను గట్టిగా మందలించింది. ఆ కేసు వేసింది కూడా నిర్బంధంలో ఉన్న మనిషి భార్యే, అమీనా బేగం.

మన పని ఏమిటని అడిగారు. జిల్లా జడ్జి అధ్యక్షతన కలెక్టరు, ఎస్.పి., న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శి ఉండే విచారణ ఖైదీల సమీక్షా కమిటీ జిల్లాకొకటి ఉంటుంది. మూడు నెలలకోసారి కూర్చోవాలి. బెయిలు వచ్చినా విడుదల కాని స్త్రీల జాబితా ఆ కమిటీ ముందుకు వచ్చిందా లేదా అని కార్యదర్శిని రాతపూర్వకంగా అడగండి. పేద ఖైదీలకు బెయిలు డబ్బు కోసం సాయం ఇచ్చే కేంద్ర పథకం 2023లో వచ్చింది. అందులో మన జిల్లాలో ఎంత ఖర్చయిందో అడగండి. పారాలీగల్ వాలంటీర్లుగా మీలో గోండి వచ్చినవాళ్లు, కొలామీ వచ్చినవాళ్లు పేర్లిచ్చుకోండి. 15100 నంబరు గోడల మీద రాయటం తేలిక, రాయండి.

చివరిది అందరికీ నచ్చకపోవచ్చు. మన సంఘాల్లో టీచర్లున్నారు, అంగన్‌వాడీ సూపర్‌వైజర్లున్నారు, పాసు పుస్తకం తమ పేరున ఉన్నవాళ్లు కొద్దిమందైనా ఉన్నారు. మనకు తెలిసిన ఒక స్త్రీ కోసం మనలో ఇద్దరు జమానతు పడితే ఎలా ఉంటుంది? ఆమె వాయిదాకు రాకపోతే డబ్బు మన మీద పడుతుంది, నిజమే. ఎవరికి పడతాం, ఎవరికి పడం, భర్తను చంపిన కేసయితే పడతామా, అత్త కేసయితే పడతామా? భోజనాల తర్వాత జిల్లాల వారీగా కూర్చున్నప్పుడు ముందు ఈ విషయమే చర్చకు తీసుకోండి.