ఆంగ్ల సంభాషణ: నాటకానికి వెళదాం రండి



కిందటి పాఠంలో రైల్వే స్టేషన్‌లో ఉపయోగపడే మాటలు నేర్చుకున్నాం. ఈ రోజు నాటకశాలకు వెళదాం. టికెట్టు కొనడం, సీటు వెతుక్కోవడం, చూసిన నాటకం గురించి నాలుగు మాటలు చెప్పడం, ఇవన్నీ ఇంగ్లీషులో ఎలాగో చూద్దాం.

ముందుగా నా అనుభవం ఒకటి చెబుతాను. డిగ్రీ చదివే రోజుల్లో ఒక మహానగరంలో మొదటిసారి ఇంగ్లీషు నాటకానికి వెళ్లాను. చేతికందిన సీట్లో కూర్చున్నాను. కాసేపటికి ఒక పెద్దావిడ వచ్చి, చిరునవ్వుతో "ఐ యామ్ అఫ్రెయిడ్ దిస్ ఈజ్ మై సీట్" అన్నారు. అఫ్రెయిడ్ అంటే భయపడటం అని బడిలో నేర్చుకున్నాను. నన్ను చూసి ఈవిడ భయపడటమేమిటి? నోట మాట రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారనిపించి గబగబా బయటికి వచ్చేశాను. ఇంతలో మూడో గంట మోగింది, తలుపులు మూసేశారు. దాచుకున్న డబ్బుతో కొన్న టికెట్టు జేబులోనే ఉండిపోయింది. నాటకం మాత్రం చూడలేదు.

ఆ రోజు నాకు వ్యాకరణం రాక కాదు. పరీక్షల్లో మంచి మార్కులే వచ్చేవి. అవసరమైన రెండు వాక్యాలు నోటికి అలవాటు కాలేదు, అంతే. ఆ పరిస్థితి మీకు రాకూడదనే ఈ పాఠం.

మొదట 'థియేటర్' అనే మాట చూడండి. మన ఊళ్లలో థియేటర్ అంటే సినిమా హాలే. అమెరికాలో కూడా సినిమా హాలును మూవీ థియేటర్ అంటారు. కానీ బ్రిటిష్ ఇంగ్లీషులో "గోయింగ్ టు ద థియేటర్" అంటే నాటకం చూడటానికి వెళ్లడం. సినిమాకైతే "గోయింగ్ టు ద సినిమా" అంటారు. ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ కూడా ఉంది కదా! కాబట్టి సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోవాలి.

మనం "డ్రామా చూశాను" అంటాం. ఇంగ్లీషులో "ఐ సా ఎ ప్లే" అనడం మేలు. ప్లే అంటే ఒక నాటకం. డ్రామా అంటే ఎక్కువగా నాటక సాహిత్యం, నాటక కళ. నాటకం రాసినవారు ప్లేరైట్. నటీనటులందరినీ కలిపి కాస్ట్ అంటారు. ప్రేక్షకులు ఆడియన్స్. టికెట్లు అమ్మే చోటు బాక్స్ ఆఫీస్. సీటు చూపించే వ్యక్తి అషర్. సీట్ల వరుస రో, వరుసల మధ్య నడిచే దారి ఐల్. ఇందులో ఎస్ అక్షరం రాస్తాం కాని పలకం. నటీనటులు రంగస్థలం మీద లేనప్పుడు వేచి ఉండే గది గ్రీన్ రూమ్. రంగస్థలానికి ఇరువైపులా ప్రేక్షకులకు కనిపించని చోటు వింగ్స్. పాత్రధారులు వాడే కత్తి, గద, ఉత్తరం లాంటి వస్తువులు ప్రాప్స్. మన ఇంటర్వెల్‌ను అమెరికన్లు ఇంటర్మిషన్ అంటారు.

ఇప్పుడు సంభాషణకు వద్దాం. హైదరాబాదులో రవీంద్రభారతి ఉంది. రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి సందర్భంగా నిర్మించిన ఈ నాటకశాల 1961లో ప్రారంభమైంది. సురభి వారి 'మాయాబజార్' చూడాలని మీరు అనుకున్నారు. ఒడిశా నుంచి వచ్చిన మీ స్నేహితుడికి తెలుగు రాదు. మీకు ఒడియా రాదు. ఇద్దరికీ ఇంగ్లీషే ఆధారం.

మీరు: షల్ వి గో టు ఎ ప్లే దిస్ ఈవెనింగ్? ఈ సాయంత్రం నాటకానికి వెళదామా?

స్నేహితుడు: దట్ సౌండ్స్ నైస్. వాట్స్ ఆన్? బాగుంటుంది. ఏం ఆడుతున్నారు?

మీరు: మాయాబజార్, బై ఎ సురభి ట్రూప్. సురభి బృందం వారి మాయాబజార్.

స్నేహితుడు: వాట్ టైమ్ డజ్ ఇట్ స్టార్ట్? ఎన్ని గంటలకు మొదలవుతుంది?

మీరు: ఇట్ స్టార్ట్స్ అట్ సెవెన్. లెట్స్ మీట్ అట్ హాఫ్ పాస్ట్ సిక్స్. ఏడింటికి. ఆరున్నరకు కలుద్దాం.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. "వెన్ ద ప్లే విల్ స్టార్ట్?" అని మనలో చాలామంది అడుగుతారు. తెలుగులో ప్రశ్న వేసినా పదాల వరుస మారదు. ఇంగ్లీషులో మారుతుంది. "వెన్ విల్ ద ప్లే స్టార్ట్?" అనాలి. ఇక ముందే నిర్ణయించిన వేళల గురించి చెప్పేటప్పుడు భవిష్యత్తు అయినా వర్తమాన కాలం వాడవచ్చు. అందుకే "ఇట్ స్టార్ట్స్ అట్ సెవెన్" అన్నాం.

బాక్స్ ఆఫీస్ దగ్గర "ఐ వాంట్ టూ టికెట్స్" అంటే తప్పు కాదు, కానీ కాస్త మొరటుగా వినిపిస్తుంది. తెలుగులో 'అండి' చేసే పనిని ఇంగ్లీషులో 'కుడ్', 'ప్లీజ్' చేస్తాయి.

మీరు: కుడ్ ఐ హావ్ టూ టికెట్స్ ఫర్ దిస్ ఈవెనింగ్, ప్లీజ్? ఈ సాయంత్రానికి రెండు టికెట్లు ఇస్తారా అండి?

గుమస్తా: ఐ యామ్ అఫ్రెయిడ్ ద ఫ్రంట్ రోస్ ఆర్ సోల్డ్ ఔట్. క్షమించండి, ముందు వరుసలన్నీ అయిపోయాయి.

మీరు: దట్స్ ఆల్ రైట్. ఎనీవేర్ నియర్ ది ఐల్ విల్ డూ. ఫరవాలేదండి, దారి పక్కన ఎక్కడైనా సరే.

చూశారా, 'అఫ్రెయిడ్' మళ్లీ వచ్చింది! ఇక్కడ భయం లేదు. ఎదుటివారికి ఇష్టంలేని మాట చెప్పవలసి వచ్చినప్పుడు, దాన్ని మెత్తగా చెప్పడానికి ముందు చేర్చే మాట ఇది. ఆనాటి పెద్దావిడ నాతో అన్నది కూడా "ఏమీ అనుకోవద్దు బాబూ, ఇది నా సీటు" అని మాత్రమే. అప్పుడు నేను ఇలా అనవలసింది: "ఓ, ఐ యామ్ సో సారీ. కుడ్ యు టెల్ మి వేర్ ఎఫ్ ట్వెల్వ్ ఈజ్?" అయ్యో, క్షమించండి. ఎఫ్ పన్నెండు ఎక్కడుందో చెబుతారా? ఈ రెండు వాక్యాలు వచ్చి ఉంటే నాటకం చూసేవాణ్ణి.

ఇంకో తేడా గుర్తుంచుకోండి. కూర్చున్నవారిని దాటుకుని వెళ్లేటప్పుడు, వారిని కదిలించడానికి ముందు "ఎక్స్‌క్యూజ్ మి" అనాలి. పొరపాటున కాలు తొక్కితే, తరువాత "సారీ" అనాలి.

నాటకం అయిపోయింది. స్నేహితుడు "డిడ్ యు లైక్ ఇట్?" అని అడిగాడు. మనం అలవాటుగా "వి ఎంజాయ్డ్" అని ఆపేస్తాం. ఆ వాక్యం సగమే. దేన్ని అన్నది చెప్పాలి. "ఐ ఎంజాయ్డ్ ద ప్లే" అనండి, లేదా "ఐ ఎంజాయ్డ్ మైసెల్ఫ్" అనండి. "సూపర్" అని వదిలేయక మరో వాక్యం చేర్చండి. "ద స్టేజ్ ఎఫెక్ట్స్ వర్ వండర్‌ఫుల్." రంగస్థలం మీది మాయలు అద్భుతం. "ది యాక్టర్ హూ ప్లేడ్ ఘటోత్కచ వాజ్ ఎక్సలెంట్." ఘటోత్కచుడి పాత్రధారి చాలా బాగా చేశారు.

స్నేహితుడు సురభి గురించి ఇంకా అడిగితే? "సురభి బిగాన్ ఇన్ ఎయిటీన్ ఎయిటీ ఫైవ్, ఇన్ ఎ విలేజ్ ఇన్ కడప డిస్ట్రిక్ట్" అని చెప్పండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచక వధ' ప్రదర్శనతో ఈ నాటక సమాజం మొదలైంది. "హోల్ ఫ్యామిలీస్ యాక్ట్ టుగెదర్." కుటుంబాలకు కుటుంబాలే కలిసి నటిస్తాయి. మన సంగతి మనం ఇతరులకు చెప్పగలగడం కూడా భాష నేర్చుకోవడంలో భాగమే.

చివరగా ఒక సరదా జాతీయం. రేపు మీ కాలేజీ వార్షికోత్సవంలో స్నేహితుడు వేషం వేస్తుంటే "బ్రేక్ ఎ లెగ్!" అనండి. కాలు విరగ్గొట్టుకోమని కాదు, బాగా నటించాలన్న శుభాకాంక్ష. 'అఫ్రెయిడ్' లాగానే దీన్నీ మాటకు మాట అర్థం చేసుకుంటే చిక్కే.

అభ్యాసం: ఈ వాక్యాలను ఇంగ్లీషులో చెప్పండి. ఒకటి, ఏమీ అనుకోవద్దు, ఇది నా సీటు. రెండు, ఇంటర్వెల్ ఎన్ని గంటలకు? మూడు, రేపటికి మూడు టికెట్లు ఇస్తారా అండి? పుస్తకంలో రాసి ఊరుకోకండి. ఒకరు గుమస్తాగా, ఒకరు ప్రేక్షకుడిగా పైకి పలకండి. తప్పులు వస్తాయి, రానివ్వండి. తరగతి గదిలో తప్పు పలికితే పోయేదేమీ లేదు. తలుపు దగ్గర నోరు మెదపకపోతే నాటకమే పోతుంది.

వచ్చే పాఠంలో కలుసుకుందాం. సెలవు.